వండకూడని ఆకుకూర

మా చీమకి లోకాన్ని కళ్ళతో చూస్తే సరిపోదు, నాలుకతో చూడాలి. మూడేళ్ళు ఇంకా నిండని పిల్ల. అసలు పేరు వేరే ఉంది గానీ, ఎక్కడ ఏ పొడి రాలినా ముందు తనే చేరుతుందని వాళ్ళ నాన్న చీమ అన్నాడు, అదే ఖాయమైపోయింది. తలుపు గొళ్ళెం, కిటికీ చువ్వ, వాళ్ళ నాన్న బూటు లేసు, పక్కింటి టైలరక్క గుడ్డల మీద గీతలు గీసుకునే సుద్దముక్క, మా అత్తయ్య కళ్ళజోడు కాడ, అన్నీ రుచి చూసింది. ఇవన్నీ ఒక ఎత్తు, పెరట్లో మట్టి ఒక ఎత్తు.

మావి ఒకే కప్పు కింద వరసగా కట్టిన ఇళ్ళు. ముందు సందు, వెనక అందరికీ కలిపి ఒకటే పెరడు, పెరటి చివర కార్ఖానా గోడ. ఆ గోడ అవతల ఇనుప గొట్టాలని కరిగిన జింకులో ముంచి పూత వేస్తారు. మా ఆయన పని ఆ తొట్టి దగ్గరే. తుప్పు రంగులో లోపలికి వెళ్ళిన గొట్టం వెండిలా మెరుస్తూ బయటికొస్తుందని, ఎన్నేళ్ళు చూసినా విసుగు పుట్టదని అంటాడు. విసుగు పుట్టాల్సింది మాకు. గోడ కట్టకముందు ఆ తొట్టి మీద తేలిన తెట్టూ, బూడిదా అన్నీ తెచ్చి ఇటువైపే పారబోసేవాళ్ళట. అందుకే మా పెరడు బూడిద రంగులో ఉండేది. ఏ విత్తనం వేసినా మొలక ఒకసారి తల ఎత్తి చూసి, ఇదా సంగతి అన్నట్టు పసుపు రంగుకి తిరిగి పడుకునేది. గాలి వీస్తే ఆ మట్టి లేచి, ఆరేసిన బట్టల మీదా, గిన్నెల మీదా, మా చీమ చేతుల మీదా వాలేది. ఆ చేతులు తిన్నగా నోట్లోకి.

కార్ఖానా ఆసుపత్రిలో చీమకి రక్తం పరీక్ష చేశారు. "ఒంట్లోకి కాస్త లోహం చేరింది. ఇప్పుడేం కంగారు పడక్కర్లేదు. కానీ మట్టి నోట్లోకి వెళ్ళకూడదు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం" అన్నాడు డాక్టరు.

కంగారు పడక్కర్లేదు అన్న మాట విన్నాక కంగారు పడకుండా ఉన్న తల్లి ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.

చీమ వేళ్ళకి కాకరకాయ రసం రాశాను. శుభ్రంగా నాకేసి, రెండో చెయ్యి చాపింది. చేతులకి మేజోళ్ళు తొడిగాను. మేజోళ్ళు చప్పరించింది. గదిలో పెట్టి గడియ వేస్తే, గోడకున్న సున్నం గోకింది. నేను పనులన్నీ మానేసి దాని వెంటే తిరుగుతుంటే అత్తయ్య గుమ్మంలో కూర్చుని చూసి చూసి అనేది: "అమ్మాయ్, భయపడ్డందుకు జీతం ఇచ్చే కంపెనీ ఎక్కడైనా ఉంటే నువ్వీపాటికి మేడ కట్టేదానివే."

"మీకేం అత్తయ్యా, మీరు నవ్వుతారు."

"నీ మొగుడు పిల్లప్పుడు ఏకంగా సబ్బు బిళ్ళ తిన్నాడు. ఏమైంది వాడికి?"

"అందుకే మాట మాటకీ జారిపోతుంటాడు."

అత్తయ్య నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మట్టిని మార్చాలి, లేకపోతే పిల్లని మార్చాలి. రెండూ నా వల్ల కావట్లేదు.

అలాంటప్పుడు వచ్చింది మట్టి మేడం. మట్టి పరీక్షలు చేసే కేంద్రంలో పని చేస్తుంది. మోకాళ్ళదాకా బూట్లు, భుజాన సంచి, చేతిలో నేలకి చిల్లు పొడిచే చువ్వలాంటి బర్మా. పెరట్లో అక్కడక్కడా బర్మా దించి, మట్టిని చిన్న చిన్న సంచుల్లో కట్టుకుంది. తర్వాత గోడ వారన కాలవ పక్కకి వెళ్ళి గొంతుక్కూర్చుని, ఎవరో తప్పిపోయిన చుట్టం దొరికినట్టు ముఖం వెలిగించుకుంది. అక్కడ సన్నటి గడ్డి కొంచెం, తెల్లటి చిట్టి పూలతో నేలకి కరుచుకున్న చిన్నాకు మొక్క ఒకటి ఉన్నాయి. నేను ఎప్పుడు పడితే అప్పుడు పీకి పారేసేవి అవే.

"వీటిని మాత్రం పీకకండి" అంది.

అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమ్మా, మా పెరట్లో ముల్లంగి బతకలేదు, బంతి బతకలేదు. ఇవెలా బతికాయి? వీటికేమన్నా పై నుంచి సిఫార్సు ఉందా?"

"ఒక్కో మొక్కది ఒక్కో ఉపాయం అండీ. ఈ గడ్డి ఉంది చూశారూ, ఇది లోహాన్ని వేరు దగ్గరే ఆపేస్తుంది. గుమ్మం దాటి ఆకుదాకా రానివ్వదు."

"మా కోడలి రకం అన్నమాట" అంది అత్తయ్య. వరసలోని ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

"ఈ చిన్నాకు మొక్క అలా కాదు. రమ్మని పిలిచి మరీ లోపలికి రానిస్తుంది. వచ్చినదాన్ని తనకి దెబ్బ తగలకుండా ఆకులో ఓ మూల గదిలో పెట్టి తాళం వేస్తుంది. పురుగు కొరికిందనుకోండి, దాని నోరు పాడవుతుంది. మళ్ళీ ఇటు రాదు. అలా ఆ విషమే దీనికి కాపలా."

"ఇది నా రకం" అని తల ఊపింది అత్తయ్య. "ఎంతమందిని భరించానో!"

"మొదట్లో గడ్డికి కూడా ఇక్కడ బతకడం చేతకాదండీ" అని మేడం గడ్డిపోచ ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పింది. "బోలెడు గింజలు పడితే ఏ ఒకటో రెండో తట్టుకుంటాయి. వాటి గింజలు మళ్ళీ పడతాయి, వాటిల్లో మళ్ళీ గట్టివే మిగులుతాయి. ఇప్పుడు మీరు చూస్తున్నవి ఆ మొండిఘటాల మునిమనవరాళ్ళు."

నా చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగింది, సైన్సు పుస్తకం సగంలో. అయినా ఈ మాటలు నాకు బుర్రకెక్కాయి. నేను అడగాల్సింది ఒక్కటే అడిగాను. "మా పాప మట్టి తింటుందండీ. ఈ గడ్డితో దానికేం లాభం?"

ఆవిడ చీమ వైపు చూసింది. చీమ అప్పటికే ఆవిడ బూటు రుచి చూడబోతోంది, నేను ఎత్తుకున్నాను.

"చాలా లాభం. మట్టి మీద గడ్డి పరుచుకుంటే మట్టి లేవదు. గాలికి లేవకపోతే చేతికి అంటేది తక్కువ, నోటికి చేరేది తక్కువ. ముందు పెరడంతా ఈ గడ్డి వేద్దాం. గోడ వారన ఒక మడిలో చిన్నాకు మొక్క వేద్దాం. అది మెల్లిగా నేలలోంచి లోహాన్ని లాగుతుంది. పెరిగాక మొదళ్ళు ఉంచి పైపైన కోసి, ఎండబెట్టి మేం తీసుకెళ్తాం. ఒక్కటే షరతు. ఆ ఆకు ఎవరూ వండకూడదు, తినకూడదు. మేకకి కూడా పెట్టకూడదు."

"తీసుకెళ్ళి ఏం చేస్తారు?" అంది అత్తయ్య.

"కాలుస్తాం. ఆ బూడిదలోంచి జింకు మళ్ళీ తీయొచ్చు."

"ఆకులో నిజంగా జింకు ఉంటుందా?"

"ఉంటుందండీ."

"మా అబ్బాయి తొట్టిలో ఉండే జింకేనా?"

"అచ్చంగా అదే."

అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు. అత్తయ్య మాట్లాడలేదంటే లోపల ఏదో ఉడుకుతోందని అర్థం. అప్పుడు నేను పట్టించుకోలేదు.

గడ్డి మెల్లిగా పట్టింది, మొదట మచ్చలు మచ్చలుగా, తర్వాత ఎవరో పాత దుప్పటి పరిచినట్టుగా. మడి మాత్రం అలా ఇలా పెరగలేదు. ఆకు మీద ఆకు, నిగనిగలాడుతూ, నూనె రాసినట్టుగా. మా వరసలో ఎవరి జన్మలోనూ పెరట్లో అంత పచ్చదనం చూడలేదు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అందరూ అక్కడే చేరేవాళ్ళు. టైలరక్క బ్రష్షు నోట్లోంచి తీసి మరీ నిట్టూర్చేది. "ఇంత లేతాకు! బజార్లో వడిలిపోయిన కట్ట కోసం ఎంత బేరమాడతామో!"

"కళ్ళు పోతాయి, చూడకు" అనేది అత్తయ్య. కానీ తనూ చూసేది. "పొయ్యెక్కని ఆకుకూరా, పని చెయ్యని అల్లుడూ ఒకటే. చూడ్డానికి మాత్రం బావుంటారు."

నా భయం కొత్త కొమ్మ వేసింది. ఇన్నాళ్ళూ మట్టి ఒక్కటే. ఇప్పుడు మట్టిలోని సరుకంతా మూటగట్టుకున్న ఆకు, అదీ చీమ చేతికందే ఎత్తులో. మా ఆయన చేత మడి చుట్టూ వల కట్టించాను. టైలరక్క చేత అట్ట మీద పుర్రె బొమ్మ వేయించి వేలాడదీశాను. చీమ రోజూ వెళ్ళి ఆ పుర్రెకి ముద్దు పెట్టి వచ్చేది. పెరట్లో ఆడి రాగానే చేతులు కడగడానికి గుమ్మం పక్కన ఒక బకెట్టు కావాలని ఇంట్లో అందరినీ పోరు పెట్టాను. కొందాం కొందాం అనేవాడు మా ఆయన. వాడుకునే బకెట్టు ఒక్కటే, అది నీళ్ళ పంపు దగ్గరే కాపురం ఉండేది.

మేడం వచ్చి కోత కోస్తానన్న రోజుకి ముందు రోజు, డాక్టరు చెప్పినట్టే చీమకి మళ్ళీ చేయించిన రక్తం పరీక్ష ఫలితం తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. చీమని అత్తయ్యకి అప్పగించాను. "అత్తయ్యా, మడి వైపు వెళ్ళనివ్వకండి. మట్టి ముట్టనివ్వకండి. టైలరక్క సూదుల డబ్బా..."

"నువ్వు వెళ్ళవే తల్లీ. నేను ముగ్గురిని పెంచాను, ముగ్గురూ బతికే ఉన్నారు."

డాక్టరు కాగితం చూసి, "తగ్గింది. బాగా తగ్గింది. ఏం చేశారు?" అన్నాడు.

"గడ్డి వేశాం" అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ, నాకు మాత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు. దారిలో చీమ కోసం రంగు బంతి కొన్నాను. అత్తయ్యకి చెప్పాలి, అందరికీ చెప్పాలి అనుకుంటూ పెరటి దారినే వచ్చాను.

వల తీసి ఉంది. మడిలో ఒక్క ఆకు లేదు. కొరిగిన తలలా మొదళ్ళు మాత్రం మిగిలాయి. అట్ట మీద పుర్రె నా వైపు పళ్ళికిలించి చూస్తోంది.

ఇంటికి తాళం. అత్తయ్య లేదు, చీమ లేదు. అప్పుడే గాలిలో ఒక వాసన వచ్చింది. ఎవరింట్లోనో ఆకుకూర ఉడుకుతోంది.

ఆ తర్వాత నేను చేసిన పని గురించి మా వరసలో ఈనాటికీ చెప్పుకుని నవ్వుతారు. చేతిలో రంగు బంతితో మొదటి ఇంట్లోకి దూరి, పొయ్యి మీద మూత ఎత్తాను. బంగాళాదుంపలు. రెండో ఇంట్లో మూత ఎత్తాను. గుడ్లు. ఆ ఇంటాయన తువ్వాలు కట్టుకుని స్నానాల గదిలోంచి వస్తూ నన్ను చూసి మళ్ళీ లోపలికే వెళ్ళిపోయాడు. మూడో ఇంట్లో అసలు పొయ్యే వెలిగించలేదు, అయినా గిన్నెలన్నీ తెరిచి చూశాను. టైలరక్క ఇంట్లో మూత ఎత్తితే, పచ్చగా, కుతకుతా ఉడుకుతూ, ఆకుకూర.

"దించు!" అని అరిచాను. "దించక్కా! చీమ తిందా? నువ్వు తిన్నావా? ఎంత తిన్నావు? నాలుక చూపించు!"

టైలరక్క కుట్టు మిషను మీంచి కాలు తీసి, నోట్లో గుండుసూదులతోనే లేచింది. సూదులు ఒక్కొక్కటీ తీసి దిండులో గుచ్చి, అప్పుడు మాట్లాడింది.

"అత్తగారు కోడలి మూకుడు వెతకడం చూశాను గానీ, పొరుగింటిది వచ్చి వెతకడం ఇదే చూడటం."

"అక్కా, నవ్వులాట కాదు. మడి మొత్తం కోసేశారెవరో. ఈ ఆకు ఎక్కడిది?"

ఆవిడ మూలనున్న చెత్తబుట్ట నా ముందు బోర్లించింది. ఆకుకూర కట్టకి చుట్టిన అరటినార, దాంతోపాటు వడిలిన కాడలు, పండాకులు. "బజారుది. ఈ పండాకులు చూశావా? మన మడిలో పండాకు ఉందా ఒక్కటైనా? ఇంత దరిద్రపు సరుకు బజార్లోనే దొరుకుతుంది."

నాకు ఊపిరి సగం వచ్చింది. "మరి చీమ?"

"మీ అత్తయ్య చంకనెత్తుకుని వెళ్ళింది. నెత్తిన పెద్ద గోనె. ఎక్కడికి పిన్నీ అంటే, నవ్వి ఊరుకుంది. సందు చివర పాత ఇనుము దుకాణం వైపు."

పాత ఇనుము! ఒక్క ముక్క అర్థం కాలేదు. పరిగెత్తాను. వెనకే టైలరక్క, ఆవిడ వెనక మూత ఎత్తించుకున్న ఇళ్ళవాళ్ళు, గరిటె చేత్తో ఉన్నవాళ్ళు గరిటెతోనే.

దుకాణం ముందు మూడు కర్రలు నిలబెట్టి పెద్ద తక్కెడ వేలాడదీసి ఉంది. ఒక పళ్ళెంలో గోనె. రెండో పళ్ళెంలో, తూనికరాళ్ళు ఉండాల్సిన చోట, మా చీమ. కాళ్ళు కిందికి వేలాడేసుకుని, ఉయ్యాల ఊగుతున్నట్టు. పక్కన అత్తయ్య, మా ఆయన కార్ఖానాలో వేసుకునే తోలు గ్లవుజులు మోచేతులదాకా తొడుక్కుని, యుద్ధానికి సిద్ధంగా ఉంది. ఎదురుగా పాత ఇనుము బాబాయి, చేతిలో అయస్కాంతం.

"అంటుకోవట్లేదక్కా" అంటున్నాడు ఆయన, అయస్కాంతాన్ని ఆకుల మీద అటూ ఇటూ తిప్పుతూ. "ఇందులో లోహం ఉంటే అంటుకోవాలిగా?"

"జింకుకి అయస్కాంతం అంటుతుందటయ్యా? ఇన్నేళ్ళు వ్యాపారం చేసి ఇదా నేర్చుకున్నది? నీ దుకాణంలో జింకు పూత రేకు ఉంటే, పూత గీకి ఆ పొడికి పెట్టి చూడు. అంటితే నేను ఇప్పుడే వెళ్ళిపోతా."

బాబాయి మీసం దువ్వుకున్నాడు. "అది నిజమేలే. కానీ ఇది ఆకు కదక్కా!"

"పైకి ఆకు. లోపల జింకు. చదువుకున్న మేడం చెప్పింది. నువ్వు తూకం వెయ్యి, మాటలెందుకు?"

నేను వెళ్ళి పళ్ళెంలోంచి చీమని లాక్కున్నాను. అటు పళ్ళెం ధబ్బున కిందికి పడి గోనె దొర్లింది. చీమ నోరు తెరిచి వేలు పెట్టి, బుగ్గలు, నాలుక కింద, అన్నీ వెతికాను. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. చీమ నా వేలు కొరికింది.

"ఏం తిన్నావమ్మా? ఆకు తిన్నావా? చెప్పు!"

"తూకం" అంది చీమ.

"నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి దాని చేతికి మట్టి అంటితే ఒట్టు" అంది అత్తయ్య, గ్లవుజులు విప్పుతూ. "దాన్ని తొట్టిమంచంలో కూర్చోపెట్టి, వీటితో కోశాను. నీకొక్కదానికే భయం ఉందనుకుంటున్నావా? రోజూ ఆ మడి చుట్టూ అది ప్రదక్షిణాలు చేస్తుంటే నా ప్రాణం ఎక్కడుండేదో నీకేం తెలుసు? భయాన్ని నువ్వు బయట పెడతావు. నేను లోపల పెట్టి తాళం వేస్తాను. అంతే తేడా."

నేను దొర్లిపోయిన గోనె వైపు చూశాను.

"మరి ఇక్కడికెందుకు తెచ్చారు అత్తయ్యా?"

"బకెట్టు బకెట్టు అని చంపుతున్నావు కదా, పిల్ల చేతులు కడగడానికి. ఆ మేడం ఎలాగూ తీసుకెళ్ళి తగలెట్టేదేగా. అదేదో ఇతనికిస్తే జింకుకి జింకు బకెట్టు ఇస్తాడని."

పాత ఇనుము బాబాయి ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత పొట్టతో నవ్వాడు, చివరికి తక్కెడ కర్ర పట్టుకుని కూలబడ్డాడు. గరిటెలవాళ్ళంతా అందుకున్నారు. నాకు కూడా, పొద్దుట్నుంచి లోపల ఇరుక్కున్నదేదో ఊడినట్టు, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. "తగ్గిందట అత్తయ్యా! రక్తంలో తగ్గిందట!"

అత్తయ్య ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత చీమని నా చేతుల్లోంచి తీసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "చూశావా, నేను చెప్పలా" అంది. చెప్పలేదు. అయినా ఒప్పుకున్నాను.

బాబాయి గోనె తిరిగి ఇచ్చేశాడు. వెనక్కి వెళ్ళి ఒక బకెట్టు కూడా తెచ్చాడు. "తీసుకెళ్ళక్కా. నన్ను ఇంతలా నవ్వించినవాళ్ళు లేరు. కాకపోతే అడుగున చిల్లుంది."

"చిల్లున్న బకెట్టా? ఆకు మంచిదేగా నేనిచ్చింది!" అంది అత్తయ్య. అయినా తీసుకుంది. ఆ సాయంత్రమే మా ఆయన చిల్లు పూడ్చాడు.

మర్నాడు మేడం వచ్చేసరికి ఎదురు వెళ్ళి సంగతంతా నేనే చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. మడి దగ్గర కూర్చుని మొదళ్ళు చూసి, "మేం చెప్పినట్టే కోశారు. మళ్ళీ చిగురిస్తుంది" అంది. "ఎవరు కోశారు?"

అత్తయ్య గ్లవుజులు పైకెత్తి చూపించింది. "ఇంతకీ తల్లీ, ఆ గోనెలో జింకు ఎంతుంటుంది? నిజం చెప్పు. ఆ ఇనుము కొట్టు మారాజు నన్ను మోసం చేశాడా?"

మేడం గోనె బరువు అటూ ఇటూ చేతుల్లో చూసి, లోపల్లోపల లెక్క వేసుకుంది. "ఎండితే ఇందులో పదో వంతు మిగులుతుంది. దాన్ని కాలిస్తే... ఒక మేకు చెయ్యడానికి సరిపోతుందేమో."

"ఒక్క మేకా?"

"మంచి మేకే."

"ఒక గోనెకి ఒక మేకు! ఈ లెక్కన ఆ గోడవాళ్ళు పారబోసిందంతా పైకి లాగాలంటే నా మనవరాలికి మనవరాళ్ళు పుట్టాలి."

"చాలా ఏళ్ళు పడుతుంది. అందుకే ముందు గడ్డి వేశాం" అంది మేడం. "గడ్డి ఇవాళే పని చేస్తుంది. ఆకు మెల్లిగా చేస్తుంది. రెండూ ఉండాలి."

అత్తయ్య నా వైపు చూసింది, నేను అత్తయ్య వైపు చూశాను.

ఇప్పుడు మడి మళ్ళీ పచ్చగా ఉంది. నేను మళ్ళీ భయపడుతూనే ఉన్నాను, అది నా పుట్టుక. గుమ్మం పక్కన బకెట్టు ఉంది, చేతులు కడగకుండా చీమ గడప దాటదు. కానీ ఇంకో సంగతి జరిగింది, అది మాత్రం ఏ డాక్టరూ, ఏ కాకరకాయా చేయలేనిది. ఆ రోజు తక్కెడలో ఊగొచ్చాక చీమకి అదే పిచ్చి పట్టింది. మా ఆయన రెండు డబ్బా మూతలకి తాళ్ళు కట్టి, బట్టల హ్యాంగరుకి వేలాడదీసి ఇచ్చాడు. ఇక దానికి ఏది దొరికినా నోటికి వెళ్ళదు, మూతలోకి వెళ్తుంది. గుండీ, చెంచా, వాళ్ళ నాన్న బూటు లేసు, నానమ్మ కళ్ళజోడు, అన్నిటికీ తూకమే.

నిన్న వల సందులోంచి చెయ్యి పెట్టి ఒక ఆకు తుంచింది. నేను గుమ్మంలోంచి చూశాను. కేక పెట్టబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

చీమ ఆకుని ఒక మూతలో పెట్టింది. ఇంకో మూతలో వాళ్ళ నాన్న ఇచ్చిన మేకు పెట్టింది. హ్యాంగరు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసింది. మేకు వైపు మూత కిందికి వాలింది.

"నానమ్మా, తక్కువుంది" అంది.

"అయితే కొనకు" అంది అత్తయ్య.

చీమ ఆకుని తీసి మడిలోకి విసిరేసి, తన చేతుల వంక చూసుకుని, బకెట్టు వైపు నడిచింది.